సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్: ఆ పచ్చ బటన్ నొక్కే ముందు ఒక్క నిమిషం.. అసలైన ఇన్‌స్టాల్ పేజీని ఇలా కనిపెట్టండి

కొత్త ల్యాప్‌టాప్ ఇంటికొచ్చింది. వీడియోలు చూడాలంటే వీఎల్‌సీ ప్లేయర్ కావాలి. పిల్లల కోడింగ్ క్లాసుకు పైథాన్ కావాలి. తెలుగులో టైప్ చేయాలంటే కీబోర్డు కావాలి. వెంటనే ఏం చేస్తాం? గూగుల్‌లో పేరు కొట్టి, మొదట కనిపించిన లింక్ నొక్కేస్తాం. అందులో పెద్దగా మెరుస్తున్న ‘డౌన్‌లోడ్’ బటన్ నొక్కేస్తాం. చాలామంది దెబ్బతినేది సరిగ్గా అక్కడే.

నిజానికి ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ఉచితం. వాటిని ఎలా ఇన్‌స్టాల్ చేసుకోవాలో తయారీదారులే తమ సైట్లలో రాసిపెట్టారు కూడా. కానీ ఆ పేజీ కొత్తవాళ్ల కంట పడదు. నకిలీ పేజీ మాత్రం ఠక్కున కనిపిస్తుంది. ఇలా ఎందుకు జరుగుతోంది? అసలు పేజీని పట్టుకోవడం ఎలా? సాఫ్ట్‌వేర్ తయారు చేసేవాళ్లు, వాటి మీద వీడియోలు చేసేవాళ్లు ఏం మార్చుకోవాలి? వివరంగా చూద్దాం..

అసలు సమస్య ఎక్కడుంది?

సాఫ్ట్‌వేర్ తయారు చేసినవాళ్లకు దాని గురించి అంతా తెలుసు. అందుకే సూచనలను తమకు అలవాటైన చోట పెడతారు. ‘డాక్యుమెంటేషన్’, ‘రిలీజెస్’, ‘బిల్డ్స్’.. ఇలాంటి పేర్ల కింద దాస్తారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ పదాలే తెలియవు. వాళ్లు వెతికేది ‘డౌన్‌లోడ్’, ‘ఇన్‌స్టాల్ చేయడం ఎలా’, ‘విండోస్‌లో ఎలా వేసుకోవాలి’ అని.

మోసగాళ్లు ఈ తేడాను బాగా పట్టుకున్నారు. జనం టైప్ చేసే మాటలనే టైటిల్‌గా పెట్టి పేజీలు తయారు చేస్తారు. డబ్బులు కట్టి ప్రకటనలు ఇస్తారు. అంటే అసలువాళ్లు వదిలేసిన ఖాళీలో నకిలీవాళ్లు దుకాణం తెరుస్తున్నారన్నమాట.

మొదటి లింక్ ప్రకటన కావొచ్చు

గూగుల్‌లో వెతికినప్పుడు పైన వచ్చేవన్నీ సెర్చ్ ఫలితాలే అనుకుంటాం. వాటిలో కొన్ని డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలు. వాటికి ‘స్పాన్సర్డ్’ అనే గుర్తు ఉంటుంది. తొందరలో దాన్ని గమనించకపోవచ్చు.

అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2022 డిసెంబర్‌లో దీనిపై ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. నేరగాళ్లు పేరున్న కంపెనీలు, సాఫ్ట్‌వేర్ల పేర్లతో సెర్చ్ ప్రకటనలు ఇచ్చి జనాన్ని నకిలీ సైట్లకు మళ్లిస్తున్నారని చెప్పింది. సైట్ అచ్చం అసలుదానిలాగే ఉంటుంది. అడ్రస్‌లో ఒక్క అక్షరం మారి ఉంటుంది. అక్కడి ఫైల్‌ను ఇన్‌స్టాల్ చేస్తే, సాఫ్ట్‌వేర్‌తో పాటు వైరస్ కూడా లోపలికి వచ్చేస్తుంది. ప్రకటన నొక్కేకంటే అడ్రస్‌ను నేరుగా టైప్ చేయడం మేలని అప్పట్లో ఎఫ్‌బీఐ సూచించింది.

జింప్ కథ.. బటన్ల గోల

ఫొటోలు ఎడిట్ చేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ‘జింప్’. దాని విండోస్ ఫైల్‌ను ఒకప్పుడు ‘సోర్స్‌ఫోర్జ్’ అనే సైట్ ద్వారా ఇచ్చేవారు. ఆ పేజీలో అసలు బటన్ పక్కనే ‘డౌన్‌లోడ్’ అని రాసి ఉన్న ప్రకటనల బటన్లు కనిపించేవి. ఏది అసలో ఏది ప్రకటనో తెలిసేది కాదు. దీంతో 2013లో జింప్ బృందం ఆ సైట్‌ను వదిలేసింది. 2015లో ఇంకో వివాదం రేగింది. వదిలేసిన ఆ ఖాతాను సోర్స్‌ఫోర్జ్ తన చేతుల్లోకి తీసుకుని, ప్రకటనల ఆఫర్లు కలిపిన ఇన్‌స్టాలర్‌ను ఇస్తోందని జింప్ బృందం బయటపెట్టింది. 2016లో యాజమాన్యం మారాక, సోర్స్‌ఫోర్జ్ ఆ పద్ధతికి స్వస్తి పలికింది.

దీన్నిబట్టి మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. ఫైల్ పేరు అసలుదే అయినా, అది వచ్చిన దారి వేరైతే లోపల ఏముందో చెప్పలేం.

వీఎల్‌సీ సైట్ మన దేశంలో ఆగిపోయినప్పుడు..

వీఎల్‌సీని తయారు చేసేది ఫ్రాన్స్‌కు చెందిన ‘వీడియోలాన్’ అనే లాభాపేక్ష లేని సంస్థ. దాని అధికారిక వెబ్‌సైట్ 2022 ఫిబ్రవరి నుంచి భారత్‌లో చాలామందికి తెరుచుకోలేదు. సైట్‌ను బ్లాక్ చేశారు. ప్లేయర్ మాత్రం ఇప్పటికే వేసుకున్నవాళ్లకు మామూలుగానే పనిచేసింది. ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ సాయంతో వీడియోలాన్ లీగల్ నోటీసు పంపింది. చివరికి అదే ఏడాది నవంబర్‌లో నిషేధం ఎత్తేశారు.

మరి ఆ 9 నెలలు కొత్తగా వీఎల్‌సీ కావాల్సినవాళ్ల సంగతేంటి? అసలు సైట్ తెరుచుకోకపోతే ఎవరైనా చేసేది ఒక్కటే.. సెర్చ్‌లో తర్వాతి లింక్ నొక్కడం. అధికారిక దారి మూసుకుపోతే జనం ఆగిపోరు, పక్కదారి పడతారు. సూచనల పేజీ దొరకకపోయినా ఇదే జరుగుతుంది.

పైథాన్: ఒక్క టిక్ మార్క్ మిస్ అయితే అంతే!

సరైన సైట్‌కు వెళ్లినా కొన్నిసార్లు పని జరగదు. దీనికి పైథాన్ మంచి ఉదాహరణ. చాలా ఏళ్లుగా విండోస్‌లో వాడుతున్న దాని ఇన్‌స్టాలర్ తెరిస్తే, మొదటి స్క్రీన్ అడుగున ‘యాడ్ పైథాన్ టు పాత్’ అనే చిన్న గడి ఉంటుంది. అది ముందుగా టిక్ అయి ఉండదు. పైన ఉన్న ‘ఇన్‌స్టాల్ నౌ’ కనబడగానే అందరూ దాన్నే నొక్కేస్తారు. ఇన్‌స్టాల్ పూర్తవుతుంది. తీరా కమాండ్ విండోలో పైథాన్ అని టైప్ చేస్తే దొరకలేదని వస్తుంది. లేదా మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది.

‘పాత్’ అంటే ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్‌లో ఉందో విండోస్‌కు చెప్పే చిరునామా జాబితా. ఆ గడి టిక్ చేయకపోతే పైథాన్ కంప్యూటర్‌లో ఉన్నా విండోస్‌కు దాని అడ్రస్ తెలియదు. మొదటిసారి నేర్చుకునే విద్యార్థికి ఇదేం తెలుస్తుంది? ‘నాకు కోడింగ్ రాదేమో’ అని అక్కడే ఆగిపోయేవాళ్లూ ఉంటారు. పరిష్కారం చాలా చిన్నది. ఇన్‌స్టాలర్‌ను మళ్లీ తెరిచి ఆ గడి టిక్ చేస్తే చాలు. అప్పటికే ఇన్‌స్టాల్ అయి ఉంటే ‘మాడిఫై’ ఆప్షన్‌లోకి వెళ్లి మార్చుకోవచ్చు.

ఇప్పుడు విండోస్ కోసం ‘పైథాన్ ఇన్‌స్టాల్ మేనేజర్’ అనే కొత్త పద్ధతి కూడా వచ్చింది. అంటే పాత వీడియోల్లో చూపించే స్క్రీన్, మీకు కనిపించే స్క్రీన్ ఒకేలా ఉండకపోవచ్చు. కంగారు పడొద్దు. అధికారిక సైట్‌లో తాజా సూచనలు చూసుకోండి.

గిట్‌హబ్‌లో పచ్చ బటన్ నొక్కితే ఏమొస్తుంది?

చాలా ఉచిత సాఫ్ట్‌వేర్లు ‘గిట్‌హబ్’ సైట్‌లో ఉంటాయి. అక్కడ ‘కోడ్’ అనే పచ్చ బటన్ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దాన్ని నొక్కి జిప్ ఫైల్ దించుకుంటే, అందులో ఇన్‌స్టాల్ చేసే ఫైల్ సాధారణంగా ఉండదు. ప్రోగ్రామర్లు రాసిన సోర్స్ కోడ్ ఉంటుంది. బిర్యానీ ఆర్డర్ చేస్తే బియ్యం, మసాలా, వంట చేసే విధానం పార్శిల్ వచ్చినట్టు అన్నమాట.

వండిన బిర్యానీ కావాలంటే ‘రిలీజెస్’ దగ్గరకు వెళ్లాలి. కంప్యూటర్‌లో అయితే పేజీకి కుడివైపున ఉంటుంది. అందులో ‘అసెట్స్’ కింద విండోస్, మ్యాక్, లినక్స్‌లకు వేర్వేరు ఫైళ్లు పెడతారు. విండోస్‌కు సాధారణంగా ‘ఎక్స్‌ఈ’ లేదా ‘ఎంఎస్ఐ’తో ముగిసే ఫైల్, మ్యాక్‌కు ‘డీఎంజీ’ ఫైల్ ఉంటుంది. అయితే గిట్‌హబ్‌లో ఎవరైనా ఖాతా తెరవొచ్చు. కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్ అధికారిక సైట్ నుంచే గిట్‌హబ్ పేజీకి వెళ్లడం సురక్షితం.

తెలుగు టైపింగ్: అసలు డౌన్‌లోడే అక్కర్లేదు!

‘తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ డౌన్‌లోడ్’.. ఇలా వెతుకుతున్నారా? అయితే ఇది మీకోసమే. విండోస్ కోసం గూగుల్ ఒకప్పుడు ఇచ్చిన ఆఫ్‌లైన్ ‘ఇన్‌పుట్ టూల్స్’ను ఇప్పుడు తన సైట్‌లో ఇవ్వడం లేదు. దాని పాత కాపీలను వేరే సైట్లు పంచిపెడుతున్నాయి. అవి ఎవరి చేతులు మారి వచ్చాయో తెలియదు.

అసలు సంగతేంటంటే.. 2019 మేలో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు విండోస్‌లోనే ఉంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగులో వస్తుంది. విండోస్ 11లో ఇలా చేయండి:

1. సెట్టింగ్స్‌లో ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’, అందులో ‘లాంగ్వేజ్ అండ్ రీజియన్’ తెరవండి.
2. ‘యాడ్ ఏ లాంగ్వేజ్’ నొక్కి తెలుగును ఎంచుకోండి.
3. తెలుగు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘లాంగ్వేజ్ ఆప్షన్స్’లోకి వెళ్లండి.
4. ‘యాడ్ ఏ కీబోర్డ్’ నొక్కి ‘తెలుగు ఫొనెటిక్’ ఎంచుకోండి.
5. విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే ఇంగ్లిష్, తెలుగు మారుతుంటాయి.

అయిదు స్టెప్పులు, సున్నా డౌన్‌లోడ్. ఈ నాలుగు ముక్కలు తేలిగ్గా దొరక్కపోవడం వల్లే జనం ఇంకా పాత సాఫ్ట్‌వేర్ల కోసం తిరుగుతున్నారు.

యూట్యూబ్ చూసి ఇన్‌స్టాల్ చేస్తున్నారా?

మనలో చాలామంది చదవడం కంటే వీడియో చూసి నేర్చుకుంటాం. తప్పేం లేదు. చేతిలో పట్టుకుని చూపించినట్టు ఉంటుంది. ఇబ్బందల్లా ‘లింక్ డిస్క్రిప్షన్‌లో ఉంది’ అన్న దగ్గరే మొదలవుతుంది.

సైబర్ సెక్యూరిటీ సంస్థ చెక్ పాయింట్ 2025 అక్టోబర్‌లో ఒక నివేదిక ఇచ్చింది. వైరస్‌లు పంచేందుకే నడుస్తున్న 3,000కు పైగా యూట్యూబ్ వీడియోలను గుర్తించినట్టు అందులో తెలిపింది. ఎక్కువగా వాడిన ఎర ఏంటో తెలుసా? డబ్బు పెట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్ల క్రాక్ వెర్షన్లు, గేమ్ చీట్లు. కింద పొగడ్తల కామెంట్లు, లైక్‌లు కూడా ముఠా నడిపే ఖాతాలే పెట్టేవి. వాటిని చూసి నమ్మినవాళ్ల కంప్యూటర్లలోకి పాస్‌వర్డ్‌లు దొంగిలించే వైరస్‌లు చేరేవి.

అందుకే ఒక చిన్న నియమం పెట్టుకోండి. పద్ధతి వీడియోలో చూడండి.. ఫైల్ మాత్రం అధికారిక సైట్ నుంచే తీసుకోండి. ‘యాంటీవైరస్ ఆఫ్ చేసి ఇన్‌స్టాల్ చేయండి’ అని ఎవరైనా చెబితే ఆ వీడియో అక్కడితో ఆపేయండి. వీడియో ఎప్పుడు పెట్టారో తేదీ చూడటం కూడా మర్చిపోవద్దు.

సరైన పేజీని కనిపెట్టడం ఎలా?

1. ప్రకటనలు దాటి చూడండి: ‘స్పాన్సర్డ్’ అని ఉన్న లింక్‌లను వదిలేసి కిందకు వెళ్లండి. ప్రకటన పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే దాన్ని ఎవరు ఇచ్చారో కూడా గూగుల్ చూపిస్తుంది.

2. వికీపీడియాతో సరిచూసుకోండి: పేరున్న సాఫ్ట్‌వేర్లకు వికీపీడియాలో పేజీ ఉంటుంది. పక్కనున్న బాక్సులో అధికారిక వెబ్‌సైట్ అడ్రస్ ఇస్తారు. సెర్చ్‌లో వచ్చిన అడ్రస్‌తో దాన్ని పోల్చి చూడండి.

3. అడ్రస్‌ను అక్షరం అక్షరం చదవండి: వీఎల్‌సీది ‘వీడియోలాన్ డాట్ ఓఆర్‌జీ’. జింప్‌ది ‘జింప్ డాట్ ఓఆర్‌జీ’. పైథాన్‌ది ‘పైథాన్ డాట్ ఓఆర్‌జీ’. పేరు ముందో వెనకో ‘ఫ్రీ’, ‘డౌన్‌లోడ్’, ‘ప్రో’ లాంటి మాటలు తగిలిస్తే అనుమానించండి. తాళం గుర్తు ఉందని నమ్మేయొద్దు. నకిలీ సైట్లకూ అది ఉంటుంది.

4. ముందు స్టోర్‌లో చూడండి: ఫోన్‌కైతే ప్లే స్టోర్, యాపిల్ యాప్ స్టోర్. విండోస్‌కైతే మైక్రోసాఫ్ట్ స్టోర్. అక్కడ కూడా యాప్ పేరు కింద ఉండే డెవలపర్ పేరు చూడండి.

5. మీ కంప్యూటర్ ఏ రకమో తెలుసుకోండి: డౌన్‌లోడ్ పేజీలో నాలుగైదు ఫైళ్లు ఉంటే తికమక పడతాం. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లోకి వెళితే ‘సిస్టమ్ టైప్’ దగ్గర 64 బిట్టా, ఆర్మ్ ప్రాసెసరా అన్నది కనిపిస్తుంది. మ్యాక్‌లో ‘అబౌట్ దిస్ మ్యాక్’ చూస్తే ఇంటెల్ చిప్పా, యాపిల్ సొంత చిప్పా తెలుస్తుంది.

6. చివరి ప్రశ్నను చదివి నొక్కండి: ఇన్‌స్టాల్ ముందు విండోస్ అనుమతి అడుగుతుంది. అక్కడ ‘పబ్లిషర్’ పేరు ఉంటుంది. పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్ అని చెప్పి, పబ్లిషర్ దగ్గర ‘అన్‌నోన్’ అని వస్తే ఆగిపోండి.

ఇక వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ల విషయానికొస్తే.. పీఎం కిసాన్, ట్రాఫిక్ చలాన్, బ్యాంక్ కేవైసీ.. పేరు ఏదైనా సరే, వాటిని తెరవొద్దు. ప్రభుత్వ పథకం యాప్ కావాలంటే ఆ శాఖ సైట్‌లోనో ప్లే స్టోర్‌లోనో మీరే వెతుక్కోండి.

తయారు చేసేవాళ్లూ, వీడియోలు చేసేవాళ్లూ.. ఇది మీకు!

జాగ్రత్తలన్నీ వాడేవాళ్ల మీదే వేస్తే న్యాయం కాదు. యాప్ తయారు చేసిన స్టార్టప్ అయినా, ప్రాజెక్టు పెట్టిన ఇంజినీరింగ్ విద్యార్థి అయినా, సాఫ్ట్‌వేర్ వాడమని చెప్పే కాలేజీ అయినా ఈ పనులు చేయొచ్చు. పెద్ద ఖర్చు కూడా లేదు.

మొదటి పేజీలోనే పెట్టండి: సైట్ తెరవగానే ‘ఇన్‌స్టాల్ చేయడం ఎలా’ అనే లింక్ కనిపించాలి. మూడు మెనూలు తిప్పించొద్దు. గిట్‌హబ్‌లో అయితే ‘రీడ్‌మీ’ పైభాగంలోనే డౌన్‌లోడ్ లింక్ ఇవ్వండి.

జనం వెతికే మాటలే రాయండి: టైటిల్‌లో ‘గెట్టింగ్ స్టార్టెడ్’ అని మాత్రమే రాస్తే సెర్చ్‌లో ఎవరికీ తగలదు. సాఫ్ట్‌వేర్ పేరు, ‘ఇన్‌స్టాల్’, ‘విండోస్’ లేదా ‘ఆండ్రాయిడ్’.. ఈ మూడూ టైటిల్‌లో ఉండాలి. తెలుగువాళ్ల కోసం అయితే తెలుగులో కూడా ఒక పేజీ పెట్టండి.

గ్రూపుల్లో దాచొద్దు: వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో పెట్టిన సూచనలు పాత మెసేజ్‌ల కింద పడిపోతాయి. ప్రైవేట్ గ్రూపుల్లో ఉన్నది గూగుల్‌కు కనిపించదు. లాగిన్ అయితేనే తెరుచుకునే పేజీ కూడా అంతే. అందరికీ తెరుచుకునే మామూలు పేజీలో రాయండి. గ్రూపులో దాని లింక్ ఇవ్వండి.

తేదీ, వెర్షన్ చెప్పండి: పాత సూచనలే సెర్చ్‌లో పైకి వచ్చి కొత్తవాళ్లను ముంచుతుంటాయి. పాత పేజీ పైన ‘ఇది పాతది, కొత్తది ఇక్కడ ఉంది’ అని ఒక్క లైన్ పెడితే చాలు.

తప్పు జరిగే చోటే హెచ్చరించండి: పైథాన్‌లో టిక్ గడి లాంటిది మీ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటే, ఆ స్టెప్పు దగ్గరే చెప్పండి. ‘ఇన్‌స్టాల్ అయ్యాక ఇలా కనిపిస్తే సరిగ్గా అయినట్టు’ అని చివర్లో ఒక ఫొటో పెట్టండి.

వీడియో డిస్క్రిప్షన్‌లో అధికారిక లింకే ఇవ్వండి: సొంత డ్రైవ్ లింక్‌లు, షార్ట్ లింక్‌లు వద్దు. మీరు మంచి ఉద్దేశంతోనే ఇచ్చినా, ఏ లింక్ అయినా నొక్కేసే అలవాటు చూసేవాళ్లకు పడుతుంది. రేపు దాన్నే మోసగాడు వాడుకుంటాడు.

ఇదంతా సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. కంప్యూటర్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లను ఒకరిని కూర్చోబెట్టండి. మీ సాఫ్ట్‌వేర్ పేరు మాత్రమే చెప్పి ఇన్‌స్టాల్ చేయమనండి. మధ్యలో నోరు విప్పొద్దు. వాళ్లు ఎక్కడ ఆగితే, మీ పేజీలో మార్చాల్సింది అక్కడే.

పొరపాటున నకిలీది ఇన్‌స్టాల్ చేసేశారా?

ముందుగా ఇంటర్నెట్ ఆపేయండి. తర్వాత వేరే ఫోన్ లేదా కంప్యూటర్ నుంచి ఈమెయిల్, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు మార్చండి. అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేసే ఆప్షన్ వాడండి. ఎందుకంటే కొన్ని వైరస్‌లు పాస్‌వర్డ్‌తో పాటు మీ లాగిన్‌ను కూడా ఎత్తుకెళ్తాయి. ఆ తర్వాత యాంటీవైరస్‌తో ఫుల్ స్కాన్ చేయండి. అనుమానం తీరకపోతే ముఖ్యమైన ఫైళ్లు వేరుగా దాచుకుని, విండోస్‌ను మళ్లీ వేయించుకోవడమే మంచిది.

డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయొద్దు. బ్యాంకుకు చెప్పండి. జాతీయ సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కు కాల్ చేయండి. ‘సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్’ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. ఎంత త్వరగా చెబితే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఎవరైనా ఈ మధ్యే ల్యాప్‌టాప్ కొన్నారా? అయితే వాళ్లకు కావాల్సిన నాలుగైదు సాఫ్ట్‌వేర్ల అధికారిక సైట్లు తెరిచి, బ్రౌజర్‌లో బుక్‌మార్క్ చేసి ఇవ్వండి. పది నిమిషాల పని. ఆ తర్వాత వాళ్లు గూగుల్‌లో వెతుక్కోవాల్సిన అవసరమే ఉండదు.